ఫ్యాన్‌ హోరు వినండి.. మన విశాఖలో చదివిన రామన్‌లా!

మే నెల మధ్యాహ్నం. గాజువాకలోనో, మద్దిలపాలెంలోనో ఓ చిన్న గది. సముద్రం దగ్గరే ఉన్నా ఉక్కపోత మాత్రం వదలదు. ఇంకో పది నిమిషాల్లో మీకు ఆన్‌లైన్‌ పరీక్ష. ల్యాప్‌టాప్‌ తెరిచి రెండు నిమిషాలైనా కాకముందే ఫ్యాన్‌ హోరెత్తుతుంది. కీబోర్డు మీద వేళ్లు పెడితే అట్లపెనం అంచు తగిలినట్టుంది. మౌస్‌ కదిపితే తెర మీద బాణం గుర్తు తాపీగా వస్తుంది. మీ గుండె మాత్రం ఫ్యాన్‌ కంటే వేగంగా కొట్టుకుంటుంది.

ఇంట్లో చెబుదామంటే పాతదాని ఈఎంఐలే ఇంకా తీరలేదు. స్నేహితుడేమో కొత్తది కొనెయ్యమంటాడు. రిపేరు చేసే అతను మూత కూడా విప్పకుండా బోర్డు పోయిందేమో అని భయపెడతాడు. నలభై, యాభై వేల రూపాయల మాట ఇది. అందుకే తేల్చుకునే ముందు ఓ పది నిమిషాలు ఆగండి. మీ ఊళ్లోనే పెరిగిన ఒక పిల్లాడి కథ వినండి. చప్పుళ్లు వినడంతో మొదలుపెట్టి, వస్తువు లోపలి వేడిని బయటి నుంచే కొలిచే దారి ప్రపంచానికి ఇచ్చినవాడు ఆయన. పేరు చంద్రశేఖర వెంకట రామన్‌. మనందరికీ సీవీ రామన్‌.

పాతనగరం పిల్లాడు

రామన్‌ పుట్టింది తమిళనాడులోని తిరుచిరాపల్లిలో, 1888 నవంబరు 7న. ఎనిమిది మంది సంతానంలో రెండోవాడు. 1892లో తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నంలోని మిసెస్‌ ఏవీఎన్‌ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. దాంతో కుటుంబం మొత్తం ఇక్కడికి వచ్చేసింది. అప్పటికి రామన్‌కు ఇంకా నాలుగేళ్లు నిండలేదు.

ఆనాటి విశాఖను ఒకసారి ఊహించుకోండి. ఇప్పుడు మీరు చూస్తున్న రేవు లేదు. ఓడలు లోపలికి వచ్చే ఆ నౌకాశ్రయం 1933లో గానీ మొదలవలేదు. ఉక్కు కర్మాగారం ఊసే లేదు. కొండ, సముద్రం, వాటి మధ్య ఓ చిన్న పట్నం.. అంతే. ఆ పట్నంలోని సెయింట్‌ అలోషియస్‌ ఆంగ్లో ఇండియన్‌ పాఠశాలలో రామన్‌ చదువుకున్నారు. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్‌ పూర్తిచేశారు. తండ్రి పనిచేసే కళాశాలలోనే చేరి పదమూడేళ్లకు ఎఫ్‌ఏ, అంటే ఇప్పటి ఇంటర్‌ గట్టెక్కారు. అదీ స్కాలర్‌షిప్‌తో!

మార్కుల సంగతి అలా ఉంచండి. ఆ ఇంట్లో రెండు రకాల సంపద ఉండేది. ఒకటి తండ్రి పుస్తకాలు. రెండోది సంగీతం. తండ్రి వయొలిన్‌ వాయించేవారు. లెక్కల పుస్తకం, తీగ వాద్యం ఒకే గదిలో ఉంటే ఆ ఇంటి పిల్లాడికి శబ్దం అంటే కేవలం శబ్దం కాదు. అది లెక్కకు అందే విషయం కూడా. ఆ పిల్లాడు పెద్దయ్యాక తొలి పదిహేనేళ్లు ఎక్కువగా వెచ్చించింది ధ్వనిశాస్త్రం మీదే. విశాఖ ఇల్లు ఆయనకిచ్చిన మొదటి పెట్టుబడి బహుశా ఆ చెవే.

ఒంటికి పడదన్నారు.. ఉద్యోగం రమ్మంది

1902లో రామన్‌ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. 1904లో బీఏ, భౌతికశాస్త్రంలో బంగారు పతకం. 1906లో, అంటే పద్దెనిమిదేళ్ల వయసులో, కాంతి మీద ఆయన రాసిన తొలి పరిశోధనా పత్రం లండన్‌ నుంచి వెలువడే ఫిలసాఫికల్‌ మ్యాగజైన్‌లో అచ్చయింది. 1907లో ఎంఏ, అదీ అత్యున్నత స్థాయిలో.

ఇంత తెలివైన కుర్రాడు ఇంగ్లండ్‌ వెళ్లాల్సిందేనని అధ్యాపకులు అనుకున్నారు. అయితే పరీక్షించిన వైద్యాధికారి ఒప్పుకోలేదు. బక్కపల్చటి ఈ అబ్బాయి అక్కడి చలికి తట్టుకోలేడని తేల్చేశారు. అప్పట్లో మనదేశంలో సైన్సును వృత్తిగా చేసుకునే దారులు దాదాపు లేవు. మరి ఏం చేయాలి?

మీలో చాలామంది ఇప్పుడు చేస్తున్నదే ఆయనా చేశారు. పోటీ పరీక్ష రాశారు. ఆర్థిక శాఖ ఉన్నతోద్యోగాల కోసం అఖిల భారత స్థాయిలో జరిగిన పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకున్నారు. 1907లోనే కలకత్తాలో అసిస్టెంట్‌ అకౌంటెంట్‌ జనరల్‌గా చేరారు. పద్దెనిమిదేళ్లకు పెద్ద సర్కారీ కొలువు, మంచి జీతం, హోదా. అదే సంవత్సరం లోకసుందరితో పెళ్లయింది. ఆమె వీణ వాయించేవారు. ఇల్లు మళ్లీ సంగీతంతో నిండింది.

ఇక్కడితో కథ ముగిసినా ఎవరూ తప్పుపట్టరు. బంధువులంతా అబ్బాయి సెటిలయ్యాడని సంతోషపడే ఘట్టం ఇది. కానీ ఆయన సెటిలవ్వలేదు.

ట్రామ్‌లోంచి కనిపించిన బోర్డు

ఓ రోజు ట్రామ్‌లో వెళ్తుంటే బౌబజార్‌ వీధిలో ఒక బోర్డు కంటపడింది. ఇండియన్‌ అసోసియేషన్‌ ఫర్‌ ది కల్టివేషన్‌ ఆఫ్‌ సైన్స్‌. మహేంద్రలాల్‌ సర్కార్‌ అనే వైద్యుడు 1876లో ఎంతో ఆశతో పెట్టిన సంస్థ అది. ఆయన పోయాక అక్కడ ప్రయోగాలు చేసేవారే కరవయ్యారు. రామన్‌ వెళ్లి తలుపు తట్టారు. పనిచేసుకోనిస్తారా అని అడిగారు. లోపలివాళ్లకు అంతకంటే కావాల్సిందేముంది?

అప్పటి నుంచి ఆయన దినచర్య చూడండి. తెల్లవారుజామునే ప్రయోగశాల. పొద్దెక్కాక ఇంటికొచ్చి స్నానం, భోజనం, పరుగున ఆఫీసు. సాయంత్రం ఆఫీసు వదలగానే మళ్లీ ప్రయోగశాల. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నరో, పదో. ఆదివారాలు కూడా అక్కడే. మధ్యలో రంగూన్‌కు, నాగ్‌పుర్‌కు బదిలీలు అయ్యాయి. 1911లో తిరిగి కలకత్తా రాగానే మళ్లీ అదే తలుపు తట్టారు. ఇలా ఒకటి కాదు, రెండు కాదు.. పదేళ్లు!

ఉద్యోగం చేస్తూ ఇష్టమైనది నేర్చుకోవడం కుదరదని అనిపించినప్పుడల్లా ఈ పదేళ్లను గుర్తుచేసుకోండి. ఆయన దగ్గర గొప్ప పరికరాలేమీ లేవు. అందుకే చౌకగా దొరికే సరుకును ఎంచుకున్నారు. అదే శబ్దం. ఏక్‌తారా, వీణ, తంబుర, వయొలిన్‌.. ఇవి ఇళ్లలోనే ఉంటాయి కదా. వాటి చప్పుడు ఎందుకు అలా ఉంటుంది? ఇదీ ఆయన ప్రశ్న. మీ గదిలోనూ ఇప్పుడు ఒక వాద్యం మోగుతోంది. కాకపోతే దాన్ని మీరు ఫ్యాన్‌ అంటున్నారు!

తోడేలు ఊళ ఎక్కడిది?

వయొలిన్‌ కుటుంబపు వాద్యాల్లో, ముఖ్యంగా పెద్దదైన చెల్లోలో, ఒక చిక్కుంది. అన్ని స్వరాలూ బాగానే పలుకుతాయి. ఒక్క స్వరం దగ్గరకొచ్చేసరికి మాత్రం వాద్యం మొరాయిస్తుంది. శబ్దం ఉబ్బుతూ తగ్గుతూ ఊళ వేసినట్టు ఉంటుంది. పాశ్చాత్యులు దానికి తోడేలు స్వరం అని పేరు పెట్టారు. 1916లో రామన్‌ దీని గుట్టు చెప్పారు. ప్రతి వస్తువుకూ తనదైన సహజ కంపనం ఒకటి ఉంటుంది. తీగ పలికే స్వరం, చెక్క డొల్ల సహజ కంపనం ఒకే చోట కలిస్తే డొల్ల తీగ శక్తిని లాగేసుకుంటుంది. కాసేపటికి తిరిగి ఇస్తుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే ఊళ.

చేతితో వాయిస్తే ఒత్తిడి, వేగం క్షణక్షణం మారిపోతాయి. కొలత కుదరదు. అందుకని ఆయన వయొలిన్‌ను వాయించే యంత్రాన్నే తయారుచేయించారు. అందులో కమాను కదలదు, వయొలినే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కమాను ఎంత బరువుతో నొక్కుతోంది, వాద్యం ఎంత వేగంగా కదులుతోంది అన్నవి విడివిడిగా మార్చి చూశారు. ఒకేసారి ఒక్క సంగతే మార్చాలి, మిగతావి కదపకూడదు. ప్రయోగం అంటే ఇదే.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌కు రండి. ఫ్యాన్‌ మెల్లగా తిరిగేటప్పుడు బాగుంటుంది. బాగా వేగంగా తిరిగినా ఫర్వాలేదు. మధ్యలో ఒక వేగం దగ్గర మాత్రం బల్లంతా గుయ్‌మంటుందా? అది మీ తోడేలు స్వరం. ఫ్యాన్‌ నిమిషానికి 4500 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 75. ఆ కంపనానికి అడుగు మూతో, బల్ల చెక్కో తాళం వేస్తోంది. అలాంటప్పుడు ఫ్యాన్‌ను అనుమానించే ముందు ల్యాప్‌టాప్‌ను మరో చోట పెట్టి వినండి. అడుగున రబ్బరు బుడిపె ఊడిందేమో, స్క్రూ వదులైందేమో చూడండి. చప్పుడు మాయమైతే మీకు ఖర్చయింది ఓ స్క్రూ బిగింపే.

మృదంగం నల్లపూత.. ఫ్యాన్‌ రెక్క దుమ్ము

రామన్‌ చేసిన వాటిలో మన చెవికి అన్నిటికంటే దగ్గరిది తబలా, మృదంగాల మీద పని. 1920లో నేచర్‌ పత్రికలో దీనిపై తొలి పత్రం వచ్చింది. మామూలు డోలు తోలును కొడితే వచ్చేది మోత. ఎందుకంటే దాని అడుగు కంపనానికీ, పై కంపనాలకూ సరైన నిష్పత్తి కుదరదు. మొదటిది ఒకటైతే తర్వాతిది 1.59, ఆ తర్వాతిది 2.14. ఇలా ఎగుడుదిగుడుగా ఉంటాయి. తీగ వాద్యాల్లో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా ఉంటాయి. అందుకే తీగ పాడుతుంది, తోలు మోగుతుంది.

మరి మృదంగం ఎలా పాడుతోంది? కుడివైపు మధ్యన ఉండే నల్లపూత వల్ల. తోలు నడుమ బరువును పొరలు పొరలుగా, లెక్కగా చేర్చడంతో ఆ ఎగుడుదిగుడు కంపనాలన్నీ ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు వరసలోకి వచ్చేస్తాయి. మన వాద్యకారులు ఎన్నో తరాల కిందటే చేత్తో కనిపెట్టిన ఈ కిటుకును రామన్‌ లెక్కలో, ప్రయోగంలో నిరూపించారు. తోలు మీద సన్నటి ఇసుక చల్లి, అది ఏయే గీతలుగా పేరుకుంటుందో చూసి కంపనాల ఆకారాన్ని పట్టుకున్నారు.

బరువు చోటు తెలిసి చేరితే సంగీతం. చోటు తెలియక చేరితే? మీ ఫ్యాన్‌ను అడగండి. రేవుకు దగ్గరి వీధుల్లో కిటికీ అంచు మీద వేలు రాస్తే నల్లగా అంటుకునే పొడి మీకు తెలిసిందే. దానికి సముద్రపు తేమ తోడైతే దుమ్ము జిగటగా మారి రెక్కలకు పట్టేస్తుంది. ఒక రెక్క మీద ఎక్కువ, మరో రెక్క మీద తక్కువ. ఫ్యాన్‌ తూకం తప్పుతుంది, ప్రతి చుట్టుకూ ఒక కుదుపు. ఆ కుదుపే గురగుర. పైగా అదే దుమ్ము వేడిని బయటకు పంపే రేకుల మధ్య దూది పొరలా పేరుకుంటుంది. గాలికి దారి సన్నబడుతుంది. లోపల వేడి పెరిగే కొద్దీ ఫ్యాన్‌ను ఇంకా వేగంగా తిరగమని కంప్యూటరే ఆజ్ఞ ఇస్తుంది. అంటే మీరు వింటున్న హోరులో చాలాసార్లు ఫ్యాన్‌ తప్పేం లేదు. అది ఊపిరాడక పరుగెడుతోంది.

సగం జీతానికి సరే!

1917లో రామన్‌కు ఒక పిలుపు వచ్చింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పాలిత్‌ ఆచార్య పదవి. ఆశుతోష్‌ ముఖర్జీ ఆయన్ను ఏరికోరి పిలిచారు. చిక్కల్లా జీతమే. ఆర్థిక శాఖలో వస్తున్నదానికి దాదాపు సగం. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ పదవిలో చేరేవారు విదేశాల్లో శిక్షణ పొంది రావాలి. రామన్‌ మొదటిదానికి ఒప్పుకున్నారు, రెండోదానికి ససేమిరా అన్నారు. చివరికి ఆ నిబంధననే సడలించారు.

గమనించండి. ఆయన ఉద్యోగం మానేసి కలల వెంట పడలేదు. పదేళ్లు రెండు పడవలనూ నడిపి, చేతిలో పని చూపించగలిగాకే ఒకదాన్ని వదిలారు. ఇది అందరికీ కుదిరే సలహా అని కాదు. ఇల్లు గడవాల్సిన బాధ్యత ఒక్కొక్కరికి ఒక్కో తీరున ఉంటుంది. కానీ రాజీనామా పత్రం కంటే ముందు రాయాల్సినవి వేరే ఉంటాయని మాత్రం ఆయన జీవితం చెబుతుంది.

సముద్రం నుంచి చిప్‌ లోపలి దాకా

1921లో రామన్‌ తొలిసారి ఇంగ్లండ్‌ వెళ్లారు. తిరుగు ప్రయాణంలో నార్కుండా అనే ఓడ మీద నిలబడి మధ్యధరా సముద్రాన్ని చూశారు. చిక్కటి నీలం. ఆకాశపు రంగే నీటిలో కనిపిస్తుందని అప్పటికి లార్డ్‌ రేలీ అంతటివారి అభిప్రాయం. సముద్రం పక్కన పెరిగిన రామన్‌కు ఆ జవాబు సరిపోలేదు. జేబులో నికోల్‌ పట్టకం ఉంది. నీటి ఉపరితలం మీద పడి తిరిగొచ్చే మెరుపును దాంతో తొలగించి చూశారు. మెరుపు పోయింది. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది! అంటే ఆ రంగు పైనుంచి వచ్చింది కాదు, నీటి లోపలిదే. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయి.

అక్కడి నుంచి ఏడేళ్లు ఆ చెదిరే కాంతి వెంటే నడిచారు. కె.ఎస్‌.కృష్ణన్‌, ఇతర శిష్యులతో కలిసి అరవై దాకా ద్రవాలను పరీక్షించారు. 1928 ఫిబ్రవరి 28న ఫలితం స్పష్టమైంది. ద్రవంలోకి ఒకే రంగు కాంతిని పంపితే, చెదిరి వచ్చేదాంట్లో అత్యధిక భాగం అదే రంగులో ఉంటుంది. చాలా కొద్ది భాగం మాత్రం రంగు మార్చుకుని వస్తుంది. ఎందుకంటే అణువులు ఊరికే ఉండవు, కంపిస్తుంటాయి. కాంతి ఆ అణువుకు కొంత శక్తి ఇచ్చి వస్తే ఒక వైపు జరుగుతుంది. అప్పటికే కంపిస్తున్న అణువు నుంచి శక్తి తీసుకుని వస్తే రెండో వైపు జరుగుతుంది. ఇదే రామన్‌ ఎఫెక్ట్‌. 1930లో నోబెల్‌ వచ్చింది. సైన్సులో ఆ బహుమతి అందుకున్న తొలి ఆసియా వాసి ఆయనే. వస్తుందన్న ధీమా ఎంతంటే, ప్రకటనకు ముందే ఓడ టికెట్లు బుక్‌ చేసుకున్నారు!

ఇంతకీ దీనికీ మీ వేడెక్కిన ల్యాప్‌టాప్‌కూ ఏమిటి సంబంధం? ఉంది. వేడి అంటే అణువుల కంపనమే కదా. వస్తువు ఎంత వేడిగా ఉంటే అన్ని ఎక్కువ అణువులు ముందే కంపిస్తుంటాయి. అంటే శక్తి తీసుకుని వచ్చే కాంతి పెరుగుతుంది. ఆ రెండు రకాల కాంతుల నిష్పత్తి చూస్తే చాలు, తాకకుండానే ఉష్ణోగ్రత చెప్పొచ్చు. సిలికాన్‌ మీద లేజర్‌ చుక్క పెట్టి, రామన్‌ కాంతి ఎంత జరిగిందో చూసి, వెంట్రుక కంటే సన్నటి చోట చిప్‌ ఎంత కాగుతోందో పరిశోధకులు ఇప్పుడు కొలుస్తున్నారు. కిలోమీటర్ల పొడవున్న ఆప్టికల్‌ ఫైబర్‌లోకి కాంతి పంపి, తిరిగొచ్చే రామన్‌ కాంతితో సొరంగాల్లో, విద్యుత్‌ కేబుళ్ల వెంట, కన్వేయర్‌ బెల్టుల పక్కన ఎక్కడ వేడి పెరుగుతోందో కనిపెడుతున్నారు. సముద్రపు నీలం గురించి అడిగిన ప్రశ్న ఇంత దూరం వచ్చింది.

ఆయన వినని గొంతులు

ఇంత శ్రద్ధగా విన్న మనిషి వినని సందర్భాలూ ఉన్నాయి. వాటిని దాచిపెడితే ఈ కథ సగమే అవుతుంది. 1933లో ఆయన బెంగళూరులోని ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సైన్స్‌కు డైరెక్టరయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి భారతీయుడు. అదే ఏడాది కమలా భాగ్వత్‌ అనే విద్యార్థిని సీటు అడిగితే, అమ్మాయి అన్న కారణంతో కాదన్నారు. ఆమె వెనక్కి తగ్గలేదు. పట్టుబట్టి షరతుల మీద చేరి, ఏడాదిలో తన పనితోనే ఆయన అభిప్రాయం మార్పించారు. తర్వాత కమలా సొహోనీగా కేంబ్రిడ్జి నుంచి డాక్టరేట్‌ తెచ్చుకున్నారు. పాలనలో రామన్‌ దూకుడు కూడా తోటివారికి మింగుడు పడలేదు. గొడవలు ముదిరి 1937లో డైరెక్టర్‌ పదవి వదులుకున్నారు. ఆచార్యుడిగా మాత్రం 1948 దాకా కొనసాగారు. స్ఫటికాల కంపనాల మీద మాక్స్‌ బోర్న్‌తో ఏళ్ల తరబడి వాదించారు. ఆ వాదంలో శాస్త్రలోకం చివరికి బోర్న్‌ వైపే నిలిచింది.

ఎంత మంచి చెవికైనా వినబడని స్వరాలుంటాయి. మీరు సీటు అడిగే చోట ఉన్నా, రేపు సీటు ఇచ్చే కుర్చీలో కూర్చున్నా ఈ సంగతి గుర్తుంటే చాలు.

1948లో తన సొంత సంస్థ రామన్‌ రిసెర్చ్‌ ఇన్‌స్టిట్యూట్‌ను మొదలుపెట్టారు. 1954లో భారతరత్న వచ్చింది. పువ్వుల రంగులు, రత్నాల మెరుపులు, కంటిచూపు.. చివరి దాకా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. 1970 నవంబరు 21న బెంగళూరులో కన్నుమూశారు. దాదాపు రెండు నెలలకు, 1971 జనవరి 20న, ఆయన చదువుకున్న ఊళ్లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది.

ఇప్పుడు మీ వంతు

రామన్‌ పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ముందు వినాలి. తర్వాత కొలవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. డబ్బు తీసే ముందు ఇవి చేసి చూడండి.

వినండి: మెత్తగా హుష్‌మని గాలి చప్పుడు వస్తుంటే ఫ్యాన్‌ బాగానే ఉంది, పని ఎక్కువైందంతే. సన్నటి ఈలలా ఉంటే అది రెక్కలు గాలిని కోసే చప్పుడు. సెకనుకు 75 చుట్లు తిరిగే ఫ్యాన్‌కు 31 రెక్కలుంటే, సెకనుకు 2325 సార్లు గాలి కోత పడుతుంది. వేగం తగ్గితే ఈల శ్రుతీ తగ్గాలి. గరగరమని రాపిడి వినిపిస్తే బేరింగ్‌ అరిగినట్టు. అప్పుడు మార్చాల్సింది ఒక్క ఫ్యానే, ల్యాప్‌టాప్‌ కాదు. టకటకమంటే రెక్కకు ఏదో తగులుతోంది.

కొలవండి: పైన చెయ్యి పెట్టి చూడటం సముద్రం మీద మెరుపు చూడటం లాంటిదే. లోపలి సంగతి తెలియదు. ప్రాసెసర్‌ ఉష్ణోగ్రత చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, వీడియో కాల్‌లో ఎంత, కోడింగ్‌ చేస్తుంటే ఎంత.. రాసుకోండి. చాలా ప్రాసెసర్లు వంద డిగ్రీల దగ్గరకు వస్తే తమను తాము కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటాయి. పరీక్ష మధ్యలో తెర నత్తనడక నడిచేది అందుకే. టాస్క్‌ మేనేజర్‌ కూడా తెరవండి. మీరు మర్చిపోయిన పాతిక ట్యాబులో, వెనక నడుస్తున్న అప్‌డేటో అసలు దొంగ కావచ్చు.

ఒక్కోటి మార్చండి: మొదట పరుపు మీంచి తీసి గట్టి బల్ల మీద పెట్టండి. వెనక భాగం ఓ అంగుళం ఎత్తు చేయండి. మళ్లీ కొలవండి. తర్వాత పవర్‌ సెట్టింగుల్లో ప్రాసెసర్‌ గరిష్ఠ వేగాన్ని కాస్త తగ్గించి చూడండి. మళ్లీ కొలవండి. ఆ తర్వాతే దుమ్ము సంగతి. పూర్తిగా ఆఫ్‌ చేసి, ఛార్జర్‌ తీసి, గాలి డబ్బాతో రంధ్రాల్లోకి కొద్దికొద్దిగా ఊదండి. ఫ్యాన్‌ గిర్రున తిరిగి పాడవకుండా రెక్కను పుల్లతో మెల్లగా ఆపి పట్టుకోవాలి. వ్యాక్యూమ్‌ క్లీనర్‌ వద్దు, స్థిర విద్యుత్‌తో ముప్పు. కొని మూడు నాలుగేళ్లు దాటితే ప్రాసెసర్‌ మీది థర్మల్‌ పేస్ట్‌ ఎండిపోయి ఉండొచ్చు. వారంటీ ఉంటే మీరు విప్పొద్దు, సర్వీస్‌ సెంటర్‌కు ఇవ్వండి.

ఒక్క విషయంలో మాత్రం ప్రయోగాలు వద్దు. టచ్‌ప్యాడ్‌ పైకి ఉబ్బినా, అడుగు మూత లేచినా బ్యాటరీ పొంగుతున్నట్టే. వెంటనే ఆఫ్‌ చేసి ఛార్జింగ్‌ తీసేయండి. నొక్కకండి, గుచ్చకండి. నేరుగా తెలిసినవారి దగ్గరకు తీసుకెళ్లండి.

విశాఖ వేసవికి ఒక లెక్క కూడా గుర్తుంచుకోండి. ఫ్యాన్‌ చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని గాలినే లోపలికి తోస్తుంది. డిసెంబరులో 25 డిగ్రీల గది, మే నెలలో 36 డిగ్రీలైతే, అదే పనికి చిప్‌ కూడా దాదాపు ఆ 11 డిగ్రీలూ ఎక్కువే కాగుతుంది. కాబట్టి ముఖ్యమైన పరీక్ష స్లాటును మీరే ఎంచుకునే వీలుంటే ఉదయాన్నే పెట్టుకోండి.

ఈ చెవికి ఉద్యోగాలున్నాయి

చప్పుడు విని కారణం చెప్పడం, వేడిని లెక్కగట్టి బయటకు పంపడం.. రెండూ ఇవాళ జీతాలొచ్చే పనులే. కార్ల కంపెనీల్లో శబ్దం, కంపనాల విభాగాలు ఉంటాయి. ఎలక్ట్రానిక్స్‌ సంస్థలకు, డేటా సెంటర్లకు థర్మల్‌ ఇంజినీర్లు కావాలి. అంత దూరం ఎందుకు, 1969 నుంచి మన విశాఖలోనే నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్‌ ఉంది. నీటి అడుగున నడిచే ఆయుధాలు, నౌకల ప్రొపెల్లర్లపై అక్కడ పరీక్షలు చేస్తారు. జలాంతర్గామికి తన ప్రొపెల్లర్‌ చప్పుడే శత్రువు. రెక్కలు నీటిని కోసే చప్పుడు తగ్గించడం అక్కడ ప్రాణాల మీది లెక్క. మీ ల్యాప్‌టాప్‌ ఫ్యాన్‌ గాలిని కోసే చప్పుడు కూడా ఆ కుటుంబానిదే. మెకానికల్‌, ఫిజిక్స్‌, ఎలక్ట్రానిక్స్‌ చదివేవారు ఈ దారులు ఓసారి చూడండి.

రామన్‌ దగ్గర పనిచేసిన సూరి భగవంతం 1932లో ఇదే ఊళ్లోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి భౌతికశాస్త్రం చెప్పారు. తర్వాత దేశ రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు స్థాయికి ఎదిగారు. బౌబజార్‌లో మొదలైన ఆ పాఠం ఆయనతో పాటు వాల్తేరు దాకా వచ్చింది.

ఇక ఈ రాత్రి పని. గదిలో సీలింగ్‌ ఫ్యాన్‌ రెండు నిమిషాలు ఆపేయండి. ల్యాప్‌టాప్‌ ఆన్‌ చేసి చెవి దగ్గరపెట్టి వినండి. ఏం వినిపించిందో, ఎన్ని డిగ్రీలుందో, అప్పుడు ఏం పని చేస్తున్నారో ఓ కాగితం మీద తేదీ వేసి రాయండి. వారం రోజులు ఇలా రాశాక కూడా సమస్య తేలకపోతే ఆ కాగితం పట్టుకుని రిపేరు షాపుకు వెళ్లండి. మూత విప్పకుండానే బోర్డు పోయిందని మీకు చెప్పడం అప్పుడు అంత తేలిక కాదు.